తల్లి కంచములో బిడ్డ అన్నము

బిడ్డ పెంపకము బిడ్డ పుట్టిన దినమున ఆరంభమగునని మనలో పెక్కురి తలంపు. పుట్టినంతనే తూకము వేయుదురు. బారసాలనాడు పేరు పెట్టుదురు. ఆ పిమ్మట పాలు, ఉగ్గు, అన్నము అని ఆలోచింతురు. కాని బిడ్డకు తొలి ఆహారము లభించునది ఊయలలో కాదు, తల్లి కడుపులోనే. అది తల్లి కంచమునుండి పోవలసినదే గాని దానికి వేరొక త్రోవ లేదు. తల్లి కంచము వెలితిగా ఉన్నచో బిడ్డ ఆకలితోనే పుట్టును. “దుక్కి కొద్ది పంట” అని మన రైతులు చెప్పుదురు. నేలను గూర్చి మనకు చక్కగా తెలిసిన ఈ సత్యమును ఇంటి ఆడుబిడ్డలను గూర్చి మాత్రము మరచుచున్నాము.

ఈ విషయమునకు పాఠశాల పత్రికతో పనియేమి యని కొందరు ప్రశ్నింపవచ్చును. పని కలదు. నేడు మా తరగతులలో పాఠము వినుచున్న బాలికలు కొన్ని సంవత్సరములలో తల్లులగుదురు, బాలురు గృహస్థులగుదురు. ఇంటిలో ఎవరు ముందు తినవలెను, ఎవరు తరువాత తినవలెను అను విషయమును రేపు నిర్ణయించువారు వీరే. అంతేకాక, మన రాయగడ, కోరాపుట్ ప్రాంతములలోని తెలుగు కుటుంబములలో ఒడియా, తెలుగు రెండును చదువగలవారు పెద్దలకంటె పిల్లలలోనే ఎక్కువ. ఆసుపత్రి కాగితము ఇంటికి వచ్చినప్పుడు దానిని చదివి చెప్పవలసినది చాల యిండ్లలో తొమ్మిదవ తరగతి బాలుడో, బాలికయో. కావున ఈ మాటలు తల్లిదండ్రులతోపాటు వారికిని చెప్పుట న్యాయము.

వైద్యులు వేయి దినముల లెక్క యొకటి చెప్పుదురు. గర్భవాసము సుమారు 270 దినములు. పుట్టిన పిమ్మట రెండు సంవత్సరములకు 730 దినములు. రెండును కలిపిన వేయి. ఎముకల పొడవు, మెదడు పెరుగుదల, రోగములను తట్టుకొను శక్తి, వీనికన్నిటికి పునాది ఈ వేయి దినములలోనే పడును. ఈ కాలమున తిండి చాలక గిడసబారిన బిడ్డకు ఐదవ యేట ఎంత పెట్టినను పోయిన ఎదుగుదల చాలమట్టుకు తిరిగిరాదు. మన యిండ్లలో అట్టి పిల్లవానిని చూచి “వాళ్ళ నాన్న పోలిక” అని సరిపెట్టుకొందురు. కాని ఆ పొట్టితనము వెంట తరచు వచ్చు జ్వరములు, విరేచనములు, చదువులో వెనుకబాటు, పెద్దయైన పిమ్మట కష్టించి పనిచేయు శక్తిలో లోటు కూడ వచ్చును. అది చాలచోట్ల పోలిక కాదు, ఆకలి.

ఈ వేయి దినములలో మొదటి నెల మరింత ముఖ్యమైనది. గర్భము నిలిచిన నాటినుండి సుమారు 28 దినములలోపలనే శిశువు మెదడునకు, వెన్నుపామునకు మూలమైన నాళము మూసికొనును. ఆనాటికి చాలమంది స్త్రీలకు తాము గర్భవతులమను సంగతియైనను తెలియదు. ఆ సమయమున తల్లి శరీరములో ఫోలిక్ ఆమ్లము చాలనిచో ఆ నాళము సరిగా మూసికొనక, బిడ్డ వెన్నెముక లోపముతో పుట్టు ప్రమాదము హెచ్చును. ఇట్టి బిడ్డను ఒకసారి కన్న తల్లులపై బ్రిటిషు వైద్య పరిశోధనా మండలి చేసిన పరీక్షా ఫలితములు 1991లో వెలువడినవి. గర్భమునకు ముందునుండియే ఫోలిక్ ఆమ్లము తీసికొన్నవారిలో ఆ లోపము మరల కలుగుట నూటికి 72 పాళ్ళు తగ్గినది. గర్భిణి సంరక్షణము గర్భము తెలిసిన పిమ్మట మొదలిడిన చాలదనియు, కన్యగా ఉన్ననాడే ఆమె బలముగా ఉండవలెననియు దీనివలన తేలుచున్నది.

కడుపులోని ఆకలి ఎంతకాలము వెంటాడునో తెలిపిన దుఃఖకరమైన ఉదాహరణ యొకటి కలదు. రెండవ ప్రపంచయుద్ధము చివర, 1944–45 శీతకాలమున, హాలండు దేశపు పశ్చిమభాగమునకు జర్మను సైన్యములు ఆహారము రానీయలేదు. ఘోరమైన కరవు కలిగినది. యుద్ధము ముగిసినంతనే ఆ దేశమున తిండికి లోటు తీరినది. అయినను ఆ కరవునాడు తల్లి గర్భములో ఉన్నవారిని వైద్యులు దశాబ్దములపాటు పరిశీలింపగా, నడివయస్సున వారిలో మధుమేహము, గుండెజబ్బు వంటి బాధలు ఇతరులకంటె ఎక్కువగా కనబడినవి. పుట్టిన పిమ్మట కడుపునిండ తిన్నను గర్భమునాటి ఆకలి వారి శరీరములను విడువలేదు.

తల్లి విషయమున ముఖ్యముగా గమనింపవలసినది రక్తబలము. ప్రాణవాయువును మోసుకొనిపోవునది రక్తములోని హిమోగ్లోబిను. అది తయారగుటకు ఇనుము కావలెను. గర్భిణి రక్తములో హిమోగ్లోబిను డెసీలీటరునకు 11 గ్రాములకు తగ్గినచో దానిని రక్తహీనత యందురు. 7 గ్రాములకు తగ్గినచో అది ప్రమాదస్థితి. అట్టి తల్లికి నాలుగు మెట్లెక్కినంతనే ఆయాసము. ప్రసవమున కొంచెమెక్కువ రక్తము పోయినను ప్రాణాపాయము. బిడ్డ నెలలు నిండకమున్నే పుట్టుటయో, రెండున్నర కిలోలకు తక్కువ బరువుతో పుట్టుటయో సంభవింపవచ్చును. ముఖము పాలిపోవుట, నీరసము, తలతిరుగుట, ఇవి “కడుపుతో ఉన్నవారికి మామూలే” అనుకొనదగినవి కావు.

ఇక లెక్కలు చూతము. 2019–21 నాటి ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము భారతదేశమున ఐదేండ్లలోపు పిల్లలలో నూటికి 35.5 మందికి వయస్సుకు తగిన ఎత్తు లేదు. ఒడిశాలో ఈ సంఖ్య 31. 2005–06లో ఒడిశాలోనే ఇది 45. అదే కాలమున ఆసుపత్రులలో జరుగు ప్రసవములు నూటికి సుమారు 36 నుండి 92కు పెరిగినవి. మన రాష్ట్రము పదునైదేండ్లలో గొప్ప దూరము నడచినది. దీనిని ఒప్పుకొనుట ధర్మము. దక్షిణపు కొండజిల్లాలలో బాధ రాష్ట్రపు సగటుకంటె బరువైనదే యైనను ఇచ్చట కూడ మార్పు వచ్చినది.

కాని అదే సర్వేలో మరియొక పుట కలదు. ఒడిశాలో 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో రక్తహీనులు 2015–16లో నూటికి 51. 2019–21 నాటికి 64. గర్భిణులలో 48 నుండి 62కు పెరిగిరి. అనగా స్త్రీ ప్రసవమునకు ఆసుపత్రికి చేరినది గాని ఆమె కంచము మారలేదు. ఊరికి బండి వచ్చినది, చౌకధర బియ్యము వచ్చినది, బ్యాంకులో డబ్బు పడినది; ఒంటిలోనికి రక్తము మాత్రము రాలేదు. ప్రభుత్వము గడప వరకు రాగలదు. గడప దాటిన పిమ్మట వంటయింటిలో జరుగు పంపకము మన చేతిలోనిది. నేను ఈ వ్యాసమున చెప్పదలచిన ముఖ్యాంశము ఇదియే.

ఈ మాట నాకంటె ఎంతో ముందుగా, ఎంతో అధికారముతో చెప్పినవారు మన పొరుగు జిల్లావారే. డాక్టరు వులిమిరి రామలింగస్వామిగారు 1921లో శ్రీకాకుళమున జన్మించిరి; విశాఖపట్టణపు ఆంధ్ర వైద్యకళాశాలలో చదివిరి. హిమాలయ ప్రాంతమునందలి కాంగ్రా లోయలో 1956 నుండి వారు జరిపిన పరిశోధనవలన అయోడిను కలిపిన ఉప్పు గొంతువాపును తగ్గించునని రుజువైనది. మనము నేడు కొనుచున్న ప్యాకెట్టు ఉప్పు వెనుక ఆ కృషి కలదు. వారే 1996లో, మరియిద్దరు నిపుణులతో కలిసి, ఐక్యరాజ్యసమితి బాలల నిధి ప్రచురణలో “ఆసియా చిక్కుప్రశ్న” యను వ్యాసమును ప్రకటించిరి. ఆఫ్రికాకంటె దక్షిణాసియాలో పంటలు తక్కువ కావు, వైద్యులు తక్కువ కారు. అయినను ఇచ్చటి పిల్లలలో పోషకాహారలోపము ఎక్కువ యేల యని వారు ప్రశ్నించిరి. దానికి ముఖ్యకారణము మన స్త్రీల స్థితియే యని వారి సమాధానము. ఆఫ్రికా గర్భిణులు సుమారు పదికిలోల బరువు పెరుగుచుండగా దక్షిణాసియా గర్భిణులలో పెక్కురు ఐదుకిలోలకు కొంచెమెక్కువ మాత్రమే పెరుగుచున్నారని వారు చూపిరి. అందరికి పెట్టి, మిగిలినది తిని, మిగులనిచో మంచినీరు త్రాగి పండుకొను ఇల్లాలి కథ ఆ అంకెలలో దాగియున్నది. దీనిని మనము త్యాగమని పొగడుచున్నాము. ఆ త్యాగము ఆమె ఒక్కతెది కాదు. నోరులేని బిడ్డచేత కూడ బలవంతముగా చేయించిన త్యాగమది.

మరియొక తెలుగువారిని కూడ ఇచ్చట తలచుకొనవలెను. గర్భిణికి ఆసుపత్రిలో ఇచ్చు ఎఱ్ఱమాత్రలో ఇనుముతోపాటు ఫోలిక్ ఆమ్లము ఉండును. 1931లో లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయి గర్భిణుల రక్తహీనతను పరిశోధించి, ఈస్టునుండి చేసిన పదార్థములో ఆ వ్యాధిని కుదుర్చు గుణమేదో కలదని తెలిపెను. ఆ గుణమునకు కారణమైన ఫోలిక్ ఆమ్లమును 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలయందు కృత్రిమముగా తయారుచేసిన బృందమునకు నాయకుడు డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు. వారు 1895లో భీమవరమున జన్మించినవారు. ఒక తెలుగువాని నాయకత్వమున తయారైన ఔషధము లోకమునందలి గర్భిణులకెల్ల ఉపయోగపడుచుండగా, తెలుగు ఇండ్లలోనే ఆ మాత్రలు గూటిలో దుమ్ముపట్టి ఉండుటకంటె విచారకరమైన దేమి కలదు?

మాత్రలు ఎందుకు మ్రింగరని అడిగినచో సాధారణముగా మూడు సమాధానములు వినబడును. వికారముగా ఉండునని ఒకరు, మలము నల్లగా వచ్చునని ఒకరు, బిడ్డ మరీ పెరిగి కాన్పు కష్టమగునని ఒకరు. వికారము నిజమే; మాత్రను రాత్రి భోజనమైన పిమ్మట వేసికొన్నచో చాలమందికి అది తగ్గును. మలము నల్లబడుట ఇనుమువలన కలుగు మామూలు మార్పు, హాని కాదు. ఇక బిడ్డ పెరుగునను భయమునకు ఆధారము లేదు. మన ప్రాంతమున తరచుగా చూచునది తక్కువ బరువు బిడ్డలనే గాని అధిక బరువు బిడ్డలను కాదు. నాల్గవ నెలనుండి ప్రసవమువరకు 180 దినములు, ప్రసవమైన పిమ్మట మరి 180 దినములు ఈ మాత్రలు వేసికొనవలెను. తేనీటితో గాని, కాల్షియము మాత్రతో గాని కలిపి తీసికొనరాదు. తేనీరు ఇనుమును ఒంటికి పట్టనీయదు. నిమ్మరసము, ఉసిరిక వంటి పుల్లనివి దానిని పట్టించును.

విద్యార్థులారా! ఇది మీ తల్లుల, అక్కల సంగతి మాత్రమే యని తలపవలదు. ఆరవ తరగతినుండి పండ్రెండవ తరగతి వరకు పాఠశాలలలో వారమునకొకసారి ఇచ్చు నీలిరంగు మాత్ర కూడ ఇనుము, ఫోలిక్ ఆమ్లముల మాత్రయే. దానిని జేబులో వేసికొని దారిలో పారవేయుట గొప్పతనమని కొందరు భావింతురు. ఏడాదికి రెండుసార్లు ఇచ్చు నులిపురుగుల మాత్రయు అట్లే నిర్లక్ష్యమగుచున్నది. కొంకిపురుగులు ప్రేగులలో చేరి రక్తము త్రాగుచుండగా మనము తిన్న ఇనుము ఎవరికి చెందును? బాలికగా ఉన్ననాడు కూడబెట్టిన రక్తబలమే రేపు తల్లియైననాడు ఆమెకు మూలధనము.

ఇక ఆహారము మాట. మన జిల్లా చరిత్రలో ఆకలి పేరు లోతుగా వ్రాయబడియున్నది. మద్రాసు రాజధానిలో విశాఖ ఏజెన్సీగా ఉన్న ఈ ప్రాంతము 1936లో ఒరిస్సాలో చేరినది; 1992లో అవిభక్త కోరాపుట్‌నుండి రాయగడ ప్రత్యేక జిల్లాయైనది. 2001 వర్షకాలమున ఈ జిల్లాలోని కాశీపురం బ్లాకులో మామిడి టెంకలోని జీడితో చేసిన అంబలి త్రాగి అనేకులు మరణించిరి. ఆ వార్త దేశమంతటను ప్రాకినది. బూజుపట్టిన జీడి విషమైనదని కొందరు, ధాన్యము లేనందుననే జీడి తినవలసివచ్చినదని కొందరు వాదించిరి. రెండును నిజమే కావచ్చును. పాత పంట అయిపోయి, క్రొత్త పంట చేతికి రాని ఆ నెలలలోనే ఊడ్పుల పనియు ఎక్కువ. ఆ కాలమున నిండుగర్భిణి బురదలో వంగి నాట్లు వేయుచు, ఒక్కపూట అంబలితో దినము గడపినచో ఆ భారము మోయువారు ఇద్దరు.

విచిత్రమేమనగా, ఈ కొండలు పోషకాహారమునకు పేదవి కావు. చోళ్ళు, సామలు, కందులు, ఉలవలు ఇచ్చటి పంటలే. వంద గ్రాముల చోళ్ళలో సుమారు 344 మిల్లీగ్రాముల కాల్షియము కలదు. బియ్యములో పది మాత్రమే. ఈ విలువలను కట్టినది హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ. అది 1918లో కూనూరులో చిన్న పరిశోధనశాలగా పుట్టి, 1958లో హైదరాబాదునకు తరలివచ్చినది. ఒడిశా ప్రభుత్వము 2017లో చిరుధాన్యముల ప్రణాళికను ప్రారంభించి ఈ పంటలకు మరల గౌరవము తెచ్చినది. కాని పట్టణమునందలి మన తెలుగు కుటుంబములలో చోడి అంబలి బీదవారి తిండియనియు, తెల్లని అన్నము పెద్దరికమనియు ఒక భావము పాతుకొనియున్నది. చోడి అంబలి, ఒక గిన్నెడు పప్పు, తోటకూరయో మునగాకో, ఒక గ్రుడ్డు లేక చేప, ఇంత నిమ్మరసము, ఇవి గర్భిణికి అంగడిలోని ఖరీదైన డబ్బాపొడులకంటె తక్కువైనవి కావు. చోళ్ళు ఒక్కటే చాలునని నేను చెప్పుటలేదు. కంచములో నాలుగు రకములుండుటయే ముఖ్యము.

మన ఆచారములలో మంచివి కలవు, మార్చుకొనవలసినవియు కలవు. సీమంతమునాడు గర్భిణిని పీటపై కూర్చుండబెట్టి, గాజులు తొడిగి, ఆమెకిష్టమైనవి వండి, ముందుగా ఆమెకే పెట్టుదుము. ఎంత చక్కని ఆచారము! ఆ ఒక్కనాటి గౌరవమును 270 దినములకు పొడిగించిన చాలును. క్రొత్త ఆచారమేదియు అక్కరలేదు. అట్లే ఆరవ నెలలో అన్నప్రాశనము వైద్యశాస్త్రమునకు సరిపోవు ఆచారము. ఆరునెలలు తల్లిపాలు మాత్రమే ఇచ్చి, అటుపై తల్లిపాలతోపాటు మెత్తని అన్నము, పప్పు, కూర, గ్రుడ్డు అలవాటుచేయవలెను. కాని అన్నప్రాశనమునాడు పరమాన్నము నాకించి, మరునాటినుండి బిస్కత్తు, తేనీటితో సరిపెట్టు ఇండ్లు కలవు. పుట్టినంతనే తల్లికి వచ్చు ముర్రుపాలను చెడ్డవని పిండి పారబోయుట మరియొక పొరపాటు. బిడ్డకు తొలి రక్షణ వానిలోనే కలదు. వేడిచేయునని గ్రుడ్డు, చేప మానిపించుట, పథ్యమను పేరుతో బాలింతకు కారపుపొడి అన్నము మాత్రమే పెట్టుట, ఇవియు విడువవలసినవే. పాలిచ్చు తల్లికి గర్భిణికంటెను ఎక్కువ ఆహారము కావలెను. అత్తగారలకు నా మనవి: మీరు పడిన కష్టము మీ కోడలు పడకుండుటయే మీ పెద్దరికమునకు శోభ.

తండ్రులతో ఒక మాట. ఆడపిల్లకు పదునెనిమిదేండ్లు నిండకమునుపు పెండ్లి చేయుట చట్టవిరుద్ధము. అది మాత్రమే కాదు, పుట్టబోవు మనుమని పట్ల అన్యాయము. ఐదవ సర్వేనాటికి ఒడిశాలో 20 మొదలు 24 ఏండ్ల స్త్రీలలో నూటికి 20.5 మంది పదునెనిమిది నిండకయే పెండ్లాడినవారు. పదునారేండ్ల బాలిక శరీరము ఇంకను ఎదుగుచుండును. ఆమె గర్భవతియైనచో తల్లియు బిడ్డయు ఒకే కంచమునకు పోటీపడుదురు, ఇద్దరును నష్టపోవుదురు. పదవ తరగతి తప్పినదని బాలికకు పెండ్లి చేయవలదు. మరల పరీక్షకు కట్టింపుడు. ఆమె చదువుకొను ప్రతి సంవత్సరమును పుట్టబోవు బిడ్డకు బలము.

“పంతులుగారూ, ఉపదేశము కడుపు నింపునా?” అని ఎవరైన అడిగినచో ఆ ప్రశ్న న్యాయమైనదే. ఇంటిలో గింజలు లేనివారికి పోషకాహార పాఠము చెప్పుట అవమానించుటయే. అట్టివారికి ప్రభుత్వమే బాధ్యత వహింపవలెను. అది భిక్ష కాదు, హక్కు. 2013 నాటి జాతీయ ఆహారభద్రతా చట్టము గర్భిణులకు, బాలింతలకు ఉచిత భోజనమును, ప్రసూతి ధనసహాయమును హక్కుగా గుర్తించినది. ఒడిశాలో 2011లోనే మమతా పథకము మొదలైనది. ఛతువా పిండి, గ్రుడ్లు అంగన్‌వాడీ ద్వారా అందుచున్నవి. కాని ఇంటికి తెచ్చిన ఛతువా అందరి పాలగును. గర్భిణికి దక్కునది చారెడు. ఆంధ్రప్రదేశమున శిక్షణ పొంది ఇచ్చట పనిచేయుచున్నవాడను గనుక రెండు పద్ధతులను పోల్చిచూచితిని. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2013లోను, తెలంగాణమున “ఆరోగ్యలక్ష్మి” పేర 2015లోను, గర్భిణికి అంగన్‌వాడీలోనే అన్నము, పప్పు, కూర, గ్రుడ్డు, పాలతో ఒక పూట నిండుభోజనము పెట్టు ఏర్పాటు చేసిరి. ఆమె అచ్చట కూర్చుండి తిన్నది ఆమెకే చెందును. దూరపు కొండపల్లెలనుండి నడచి రాలేనివారికి పిండియే మేలు కావచ్చును. అయినను పట్టణములలో, పెద్ద ఊళ్ళలోనైన మన రాష్ట్రము ఈ పద్ధతిని ఆలోచింపవలెనని నా అభిప్రాయము.

చివరిది భాష సంగతి. గర్భిణికి ఇచ్చు మాతాశిశు రక్షణ కార్డులో ఎప్పుడు పరీక్షకు రావలెను, ఏ లక్షణములు ప్రమాదకరములు, బిడ్డ బరువు గీత ఎట్లుండవలెను అను విషయములన్నియు ఉండును. మన ప్రాంతమున అది సాధారణముగా ఒడియాలో ఉండును. తెలుగు మాత్రమే వచ్చిన తల్లికి, కుయి, కువి, సవర భాషలు మాత్రమే వచ్చిన తల్లికి ఆ కార్డు మూగది. ఒడియా మన రాష్ట్రభాష. దానిని నేర్చుట మన కర్తవ్యము, మన లాభము. కాని నొప్పులు పడుచున్న తల్లి భాష నేర్చువరకు వేచియుండలేదు. రాజ్యాంగపు 350-ఎ అధికరణము అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో ఉండవలెనని చెప్పినది. పాఠము మాతృభాషలో కావలెనని కోరు మనము ప్రాణరక్షణకు సంబంధించిన నాలుగు వాక్యములు కూడ ఆయా భాషలలో కావలెనని జిల్లా అధికారులను వినయముగా కోరవలెను. కోరునప్పుడు తెలుగునకు మాత్రమే కాక, కుయి, కువి, సవర తల్లుల పక్షమున కూడ కోరుట మనకు శోభ.

అంతవరకు ఆ పని విద్యార్థులది. రెండు భాషలు చదువగలుగుట, మూడవ భాష వినగలుగుట సరిహద్దు ప్రాంతపు పిల్లలకు కలిగిన సంపద. దానిని పరీక్షలలో మార్కులకు మాత్రమే వినియోగింపవలదు. ఇంటిలోగాని, ఇరుగుపొరుగునగాని గర్భిణియున్నచో ఆ కార్డును ఆమెకు చదివి వినిపింపుడు. మూడవ నెల నిండకమున్నే పేరు వ్రాయించుకొన్నదా, నాలుగు పరీక్షలకు తక్కువ కాకుండ వెళ్ళుచున్నదా, ప్రతినెల 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రిలో జరుగు వైద్యపరీక్ష సంగతి ఆమెకు తెలియునా, అడుగుడు. తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారుట, కాళ్ళు ముఖము వాచుట, రక్తస్రావము, మూర్ఛ, బిడ్డ కదలిక తగ్గుట, వీనిలో ఏది కనబడినను ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలెనని పెద్దలకు తెలుపుడు. మాత్ర వేసికొన్నదా యని రాత్రి ఒక్కమాట గుర్తుచేయుడు.

తల్లిదండ్రులారా! పిల్లలు ఈ మాటలు చెప్పినప్పుడు “చిన్నవాడివి, నీకేమి తెలియును” అని కసరవలదు. వారు చదువుకొన్న చదువు ఇంటికి ఉపయోగపడు మొదటి సందర్భము ఇదియే కావచ్చును. ఈ రాత్రి భోజనమునకు కూర్చున్నప్పుడు కుండలోని కూర ఎవరి కంచములోనికి ఎంత పోవుచున్నదో ఒకసారి చూడుడు. గర్భిణియున్న యింట తొలి వడ్డన ఆమెకే జరుగవలెను. దీనికి ఖర్చు లేదు, చట్టము అక్కరలేదు, ఎవరి అనుమతియు అక్కరలేదు. ఆమె తిన్న ముద్దయే రేపు మా తరగతిలో చురుకుగా కూర్చుండు బిడ్డ.